ఇంటి కంప్యూటరుకు రెండవ ప్రతి

తాటాకుకు ఆయుర్దాయం తక్కువ. మన దేశపు ఎండకు, వానకు, పురుగుకు తట్టుకొని ఒక తాళపత్రం నిలిచేది కొన్ని వందల సంవత్సరాలే. అయినప్పటికీ దాదాపు వెయ్యి సంవత్సరాల నాటి తెలుగు కావ్యాలు ఈనాడు లభిస్తున్నవంటే, అందుకు కారణం మూలప్రతుల గట్టిదనం కాదు. ప్రతి తరంలోను ఎవరో ఒకరు కూర్చుని పాత ప్రతిని చూచి కొత్త ప్రతిని వ్రాసుకొనడమే కారణం. పంతొమ్మిదవ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో పండితులకు, లేఖకులకు జీతాలిచ్చి చేయించిన పని కూడా ప్రధానంగా ఇదే. ప్రతులను సేకరించడం, వాటిని ఒకదానితో ఒకటి సరిపోల్చడం, శుభ్రమైన నకళ్ళు తీయించడం. ఒకే ఒక్క ప్రతి ఉన్న గ్రంథం ఎప్పుడైనా పోవచ్చునన్న ఎరుక ఆ శ్రమ వెనుక ఉన్నది.

ఈనాటి మధ్యతరగతి ఇంటిలో ఆ ఎరుక చాలవరకు లోపించింది. పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుని కంప్యూటరును ఊహించుకొనవచ్చు. అందులో ఆయన పింఛను కాగితాలున్నవి. పొలం దస్తావేజుల ఛాయాప్రతులున్నవి. పిల్లల పెళ్ళిళ్ళ ఫొటోలున్నవి. గతించిన తల్లిగారు పాడిన మంగళహారతులను ఎన్నడో టేపురికార్డరు నుండి ఎక్కించి పెట్టుకున్న ధ్వనిఫైళ్ళున్నవి. ఐదారేండ్లుగా తీరిక చిక్కినప్పుడల్లా వ్రాస్తున్న వంశచరిత్ర కూడా అందులోనే ఉన్నది. ఇదంతా అరచేతిలో పట్టే ఒక పెట్టె మీద ఆధారపడి ఉన్నదన్న సంగతి ఆయనకు స్పష్టంగా తెలియదు. తెలిసిన కొడుకో, కోడలో, మనుమరాలో పక్క గదిలోనే తమ కంప్యూటరు ముందు ఉంటారు. రెండు కంప్యూటర్లూ ఒకే రూటరుకు కలిసి ఉన్నవి. ఒకదాని సమాచారం రెండవ దానిలోనికి పోవడానికి మార్గం ఇంటిలోనే ఉన్నది. ఆ మార్గాన్ని వాడుకొనడమే మిగిలిన పని.

డిస్కు ఎందుకు పోతుంది?

1956లో ఐ.బి.ఎం. సంస్థ ప్రవేశపెట్టిన రామాక్ అనే కంప్యూటరులోని డిస్కు యంత్రం రెండడుగుల వ్యాసం గల యాభై పళ్ళాలతో, ఒక పెద్ద బీరువా అంత ప్రమాణంలో ఉండేది. అది భద్రపరచగలిగినది సుమారు యాభై లక్షల అక్షరాలు. ఈనాడు చేతిఫోనుతో తీసిన ఒకటి రెండు ఫొటోలకు ఆ స్థలం సరిపోతుంది. పరిమాణం ఇంతగా తగ్గినా, తిరిగే డిస్కు పనిచేసే సూత్రం మారలేదు. నున్నని పళ్ళెం నిమిషానికి 5,400 సార్లో, 7,200 సార్లో తిరుగుతుంటే, చదివే సూది దానికి తగలకుండా, తలవెంట్రుక మందంలో కొన్ని వేల వంతుల ఎత్తున తేలుతుంటుంది. ఒక కుదుపుకో, వయస్సుకో, విద్యుత్తు హెచ్చుతగ్గులకో ఆ ఏర్పాటు చెడితే డిస్కు నిలిచిపోతుంది. కొన్ని డిస్కులు ముందుగా టకటక శబ్దం చేస్తవి. కొన్ని ఏ సూచనా ఇవ్వవు.

ఇప్పటి కొత్త కంప్యూటర్లలో పళ్ళాలు లేని ఘనస్థితి డిస్కులు వస్తున్నవి. అవి వేగమైనవి, కుదుపుకు ఓర్చుకొనేవి. కాని అవి చెడినప్పుడు మరమ్మతుదారు చేయగలిగింది తక్కువ. పైగా చెరిపివేసిన ఫైలు ఆక్రమించిన స్థలాన్ని వాటిలో చాలాభాగం తమంతట తామే ఖాళీ చేసుకొంటవి. కాబట్టి పొరపాటున చెరిపినదానిని తిరిగి రాబట్టే అవకాశం పాత డిస్కులలో కంటె వీటిలో స్వల్పం.

యంత్రం చెడడం ఒక్కటే ప్రమాదం కాదు. దొంగతనం, అగ్ని, వరద, దురుద్దేశంతో వ్రాసిన ప్రోగ్రాములు కూడా ఉన్నవి. వీటన్నిటికంటె తరచుగా నష్టం కలిగించేది మనిషి చెయ్యి. ఏ డాక్యుమెంటునో తెరిచి, పాత పాఠాన్ని చెరిపి, కొత్త పాఠం వ్రాసి, అదే పేరుతో భద్రపరచడం ఎవరికైనా జరిగేదే. మరునాటికి గాని పాత పాఠం కావలసినదని తోచదు.

మనిషి చెయ్యి ఎంత పని చేయగలదో చలనచిత్ర రంగంలోని ఒక ప్రసిద్ధ సంఘటన చెబుతుంది. 1998లో అమెరికాలోని పిక్సార్ సంస్థలో 'టాయ్ స్టోరీ 2' చిత్రం తయారవుతున్న దశలో, ఎవరో ఇచ్చిన ఒక ఆజ్ఞ వలన ఆ చిత్రపు ఫైళ్ళు వరుసగా చెరిగిపోసాగినవి. గమనించి యంత్రాన్ని ఆపివేసేసరికి అత్యధిక భాగం పోయినది. నకళ్ళు ఉన్నవి గదా అని ధైర్యం తెచ్చుకొని తీసి చూస్తే, ఆ నకళ్ళు సరిగా పనిచేయడం లేదని బయటపడినది. చివరకు చిత్రాన్ని కాపాడినది ఒక ఉద్యోగిని ఇల్లు. సాంకేతిక పర్యవేక్షకురాలైన గేలిన్ సస్‌మన్ కొద్దికాలం క్రితమే ప్రసవించి, ఇంటి నుండి పని చేస్తున్నందున, చిత్రపు ప్రతి ఒకటి ఆమె ఇంటి కంప్యూటరులో ఉన్నది. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి, కారులో జాగ్రత్తగా కార్యాలయానికి తీసుకొనిపోయినారు. చిత్రం 1999 నవంబరులో విడుదలైనది. ఈ వృత్తాంతంలో రెండు పాఠాలున్నవి. వేరొక చోట ఉన్న ప్రతి సంస్థను నిలబెట్టినది. తీసి చూడని ప్రతి నమ్మినవారిని ముంచినది.

ఇంటి నెట్‌వర్కు ఎంత మోయగలదు?

ఇంటిలోని రూటరును చాలామంది బయటి ప్రపంచానికి ద్వారంగా మాత్రమే చూస్తారు. అది ఇంటిలోని యంత్రాలను ఒకదానితో ఒకటి కలిపే కూడలి కూడా. ఈ గది నుండి ఆ గదికి పోయే ఫైలు ఇంటర్నెట్టు మీదికి పోదు. దానికి నెలవారీ డేటా ఖర్చు లేదు. ఇంటర్నెట్టు నిలిచిపోయిన రోజున కూడా, విద్యుత్తు ఉన్నంతవరకు, ఆ పని సాగుతుంది.

వేగం విషయంలో ఒక లెక్క తెలుసుకొనడం మేలు. నెట్‌వర్కు వేగాన్ని బిట్లలోను, ఫైళ్ళ పరిమాణాన్ని బైట్లలోను చెప్పడం వాడుక. ఒక బైటుకు ఎనిమిది బిట్లు. కాబట్టి సెకనుకు 100 మెగాబిట్ల కేబులు మీద పోగలిగింది ఎంత లేదన్నా 12.5 మెగాబైట్లకు మించదు. పైగా దారి ఖర్చు కొంత ఉంటుంది. ఉపాధ్యాయుని కంప్యూటరులో 200 గిగాబైట్ల సామగ్రి ఉన్నదనుకుంటే, అటువంటి కేబులు మీద మొదటి నకలుకు సుమారు ఐదు గంటలు పడుతుంది. గిగాబిట్ కేబులు, అందుకు తగిన రూటరు, డిస్కు ఉంటే అరగంట పైచిలుకులో ముగియవచ్చు. రెండు గోడల అవతల నుండి వచ్చే వైఫై మీద సెకనుకు ఐదు మెగాబైట్లే అందితే పదకొండు గంటలు కావలసి వస్తుంది.

ఈ అంకెలు చూచి వెనుకాడనవసరం లేదు. ఆ శ్రమ మొదటిసారికే. తరువాత ప్రతిరోజూ మారేది బహుశా రెండు మూడు ఫైళ్ళు, కొన్ని కొత్త ఫొటోలు. 200 మెగాబైట్ల మార్పును అదే బలహీనమైన వైఫై ఒక నిమిషం లోపుగా చేరవేయగలదు. కాబట్టి మొదటి రోజున కంప్యూటరును రూటరు పక్కకు తెచ్చి, కేబులుతో కలిపి, రాత్రంతా నడవనిచ్చి, తరువాత దాని చోటికి దానిని చేర్చడం తెలివైన పద్ధతి.

మారిన భాగాన్ని మాత్రమే పంపే విద్యకు ఒక చరిత్ర ఉన్నది. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ అనే ఇద్దరు 1996లో 'ఆర్‌సింక్' అనే ప్రోగ్రామును వెలువరించినారు. అది మొదట ఫైలు పరిమాణాన్ని, చివరిసారి మారిన సమయాన్ని చూచి, మారని వాటిని వదలివేస్తుంది. మారిన ఫైలు పెద్దదైతే, అందులో ఏ భాగం మారినదో కనిపెట్టుతుంది. రెండు ఊళ్ళలోని ఇద్దరు గుమాస్తాల వద్ద ఒకే చిట్టా పుస్తకానికి రెండు ప్రతులున్నవనుకొనవచ్చు. పుస్తకం మొత్తం టెలిఫోనులో చదివి వినిపించనక్కరలేదు. ఒకరు ఒక్కొక్క పుట మొత్తాన్ని చెబితే, రెండవవారు తమ పుటల మొత్తాలతో పోల్చి, తేడా వచ్చిన పుటను మాత్రమే చదివి వ్రాయిస్తే సరిపోతుంది. ఆర్‌సింక్ చేసేది స్థూలంగా ఇదే. ఈ ప్రోగ్రాము ఉచితంగా లభిస్తుంది. ఇంటి అవసరాలకు అమ్మే అనేక నిల్వయంత్రాలలో లోపల పనిచేసేది కూడా ఇదే.

పంపడమా, తీసుకొనడమా?

ఇంటి నెట్‌వర్కు మీద నకలు తీయడానికి రెండు పద్ధతులున్నవి. నాన్నగారి కంప్యూటరే తన ఫైళ్ళను పక్క గదిలోని యంత్రానికి పంపడం ఒకటి. పక్క గదిలోని యంత్రమే వచ్చి వాటిని తీసుకొనిపోవడం రెండవది.

మొదటి పద్ధతి సులభం. విండోస్‌లో 2012 నుండి 'ఫైల్ హిస్టరీ' అనే సదుపాయం ఉన్నది. దానికి నెట్‌వర్కు మీది ఒక ఫోల్డరును చూపితే, మామూలుగా గంటకొకసారి మారిన ఫైళ్ళ ప్రతులను అక్కడ పెడుతుంది. పాత ప్రతులనూ ఉంచుతుంది. అయితే అది డెస్క్‌టాపు, డాక్యుమెంట్లు, చిత్రాలు వంటి కొన్ని నియత స్థానాలనే చూస్తుంది. ఫైళ్ళను డి డ్రైవులో తన సొంత పేర్లతో దాచుకొనే అలవాటు ఉన్న పెద్దమనిషి విషయంలో ఆ స్థానాలను విడిగా చేర్చకపోతే, అసలైనదే మిగిలిపోతుంది. ఆపిల్ కంప్యూటర్లలో 2007 నుండి 'టైమ్ మెషీన్' ఉన్నది. అది గడచిన ఇరవైనాలుగు గంటలకు గంటకొక ప్రతిని, గడచిన నెలకు రోజుకొక ప్రతిని, అంతకు ముందు కాలానికి వారానికొక ప్రతిని, స్థలం ఉన్నంతవరకు నిలుపుతుంది.

రెండవ పద్ధతికి మొదట కొంత ఓపిక కావాలి. నాన్నగారి కంప్యూటరులోని ఫోల్డర్లను నెట్‌వర్కు మీద పంచి, చదవడానికి మాత్రమే అనుమతి ఇచ్చి, ఒక రహస్యపదం పెట్టాలి. పక్క గదిలో ఎప్పుడూ నడిచే ఒక పాత కంప్యూటరు గాని, నెట్‌వర్కుకు తగిలించే నిల్వయంత్రం గాని వేళకు వచ్చి ఫైళ్ళను తీసుకొంటుంది. 'బ్యాకప్‌పీసీ' వంటి ఉచిత ప్రోగ్రాములు ఈ పనికే ఉద్దేశించినవి. కంప్యూటరు నెట్‌వర్కు మీద కనిపించినప్పుడే పని మొదలుపెట్టుతవి. కాబట్టి మూసిన ల్యాప్‌టాపు కోసం ఎవరూ కాచుకొని కూర్చోనక్కరలేదు. ఒకే ఫైలు పది చోట్ల ఉన్నా ఒకసారే నిల్వ చేస్తవి. రూటరు ఒక్కొక్కసారి కంప్యూటరుకు కొత్త చిరునామా ఇస్తుంది. కాబట్టి ఆ చిరునామాను రూటరులో స్థిరపరచడం మరువరాదు. నకలు తీయడం తానంతట నిలిచిపోవడానికి ఇదొక సామాన్య కారణం.

రెండవ పద్ధతికి ఉన్న ప్రధాన లాభం భద్రత. మొదటి పద్ధతిలో, ఎటువంటి రక్షణా పెట్టకపోతే, నకలు ఉన్న చోట వ్రాసే హక్కు నాన్నగారి కంప్యూటరుకు ఉంటుంది. ఆ కంప్యూటరులో దుష్ట ప్రోగ్రాము ప్రవేశిస్తే, దానికీ ఆ హక్కు సంక్రమిస్తుంది. 2017 మే 12న ప్రపంచమంతటా విజృంభించిన 'వానాక్రై' కొద్ది రోజులలోనే సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు మించిన కంప్యూటర్లను పట్టుకొన్నది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడినవి. అది ఫైళ్ళకు తాళం వేసి, డబ్బు చెల్లిస్తేనే తీస్తానన్నది. అదే కంప్యూటరులో విండోస్ దాచే 'షాడో కాపీ'లనూ చెరిపివేసినది. అది ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు ప్రాకినది ఫైళ్ళు పంచుకొనే ఏర్పాటులోని లోపం ద్వారానే. ఆ లోపాన్ని సరిచేసే సవరణను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, 2017 మార్చిలో, విడుదల చేసినది. వేసుకొననివారే ఎక్కువగా నష్టపోయినారు. కాబట్టి ఫైళ్ళు పంచేటప్పుడు ఎస్.ఎమ్.బి. మొదటి రూపాన్ని మూసివేయడం, విండోస్ సవరణలను ఎప్పటికప్పుడు వేసుకొనడం తప్పనిసరి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినదన్న విషయం పెద్దల పాత కంప్యూటర్ల విషయంలో ముఖ్యంగా గుర్తుంచుకొనదగినది.

నకళ్ళు కాని నకళ్ళు

కొన్ని ఏర్పాట్లు నకలు వలె కనిపిస్తవి గాని నకళ్ళు కావు. నిల్వయంత్రంలో రెండు డిస్కులు పెట్టి, ఒకదానిలో వ్రాసినదే రెండవ దానిలోనూ వ్రాయడం అటువంటిది. అద్దంలో ప్రతిబింబం వంటి ఈ ఏర్పాటు ఒక డిస్కు చెడితే పని ఆగకుండా కాపాడుతుంది. కాని వంశచరిత్రలో ఒక అధ్యాయాన్ని చెరిపితే, ఆ క్షణమే రెండు డిస్కులలోనూ చెరిగిపోతుంది. ఫోనుకు, కంప్యూటరుకు మధ్య ఫైళ్ళను సమానంగా ఉంచే సేవలు కూడా ఈ కోవకు చెందినవే. వాటిలో చాలావరకు చెరిపిన ఫైలును కొద్ది రోజులు దాచి ఉంచుతవి. ఆ గడువు తీరిన తరువాత పోయినట్టే.

నిజమైన నకలుకు లక్షణం కాలం. నిన్నటి రూపం, పోయిన వారపు రూపం, పోయిన నెల రూపం వేరువేరుగా దొరకాలి. ఫైలు పాడైన సంగతి మనిషికి తెలిసేది సాధారణంగా ఆలస్యంగా. మూడు నెలల క్రితం పాడైన హారతి ధ్వనిఫైలును ఏ శ్రాద్ధదినం నాడో వినబోతే గాని ఆ సంగతి బయటపడదు. నిన్నటి నకలులో ఉన్నదీ పాడైన ఫైలే అయితే ఆ నకలు వలన ప్రయోజనమేమి?

తెరిచి ఉన్న ఫైళ్ళ సమస్య కూడా ఒకటున్నది. ఉత్తరాలన్నిటినీ ఒకే పెద్ద ఫైలులో దాచే ప్రోగ్రామును రోజంతా తెరిచి ఉంచితే, నెట్‌వర్కు మీద నుండి వచ్చిన యంత్రం దానిని తీసుకొనలేదు. లేదా సగంలో మారిన రూపాన్ని తీసుకొంటుంది. అటువంటి ప్రోగ్రాములను రాత్రి మూసివేసే అలవాటు చేయడం గాని, షాడో కాపీ నుండి తీసుకొనే సాధనం వాడడం గాని దీనికి పరిష్కారం.

ఇల్లు దాటిన ప్రతి

రెండు గదులలో రెండు ప్రతులున్నా ఇల్లు ఒక్కటే. 2015 డిసెంబరులో చెన్నై, 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ చవిచూచిన వరదలలో నీరు గదిని చూచి రాలేదు. కింది అంతస్తులో ఉన్న కంప్యూటరూ, దాని పక్కనున్న డిస్కూ ఒకే నీటిలో మునుగుతవి. పిడుగుపాటుకు వచ్చే విద్యుత్తు ఉప్పెన ఒకే బోర్డుకు తగిలించిన రెండు యంత్రాలనూ ఒకే క్షణంలో దెబ్బతీయగలదు.

ఛాయాగ్రాహకుడు పీటర్ క్రోగ్ డిజిటల్ ఫొటోలను భద్రపరచే విధానం గురించి వ్రాసిన పుస్తకం ద్వారా ప్రచారంలోనికి వచ్చిన ఒక సూత్రం ఇక్కడ పనికివస్తుంది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. మన కుటుంబాలకు ఇందులో మూడవ భాగం కష్టం కాదు. ఒక చిన్న డిస్కులో నకలును ఎక్కించి, పండుగకు పుట్టింటికి వచ్చిన కుమార్తె చేతికి ఇచ్చి, మరుసటి పండుగకు వచ్చినప్పుడు మార్చి ఇస్తూ ఉంటే చాలు. ఏడాదిలో సంక్రాంతికి, దసరాకు రెండుసార్లు మారినా, అసలు లేకపోవడం కంటె అది ఎంతో నయం. నెట్‌వర్కు నుండి తీసివేసి, బీరువాలో ఉన్న డిస్కును ఏ దుష్ట ప్రోగ్రామూ తాకలేదన్నది దీనివలన అదనపు లాభం.

అన్నిటికీ సమానమైన శ్రద్ధ అక్కరలేదు. 2015లో ప్రారంభమైన డిజిలాకర్ ద్వారా జారీ అయిన పత్రాలను మళ్ళీ పొందవచ్చు. సినిమాలను, ప్రోగ్రాములను మళ్ళీ తెచ్చుకొనవచ్చు. తల్లిగారి గొంతును మళ్ళీ ఎవరూ ఇవ్వలేరు. 200 గిగాబైట్లలో మళ్ళీ దొరకనిది ఏరి చూస్తే బహుశా నాలుగవ వంతు కూడా ఉండకపోవచ్చు. స్థలం తక్కువైనప్పుడు ఇంటి బయటి ప్రతి ఆ భాగానికైనా ఉండాలి.

అనుమతి, తాళం చెవి

ఇంతవరకు చెప్పినదంతా యంత్రాల సంగతి. కుటుంబంలో ఈ పని తరచు ఆగిపోయేది యంత్రాల దగ్గర కాదు. తండ్రి కంప్యూటరు నకలు తీయడమంటే ఆయన బీరువా తలుపు తెరవడం వంటిదే. అందులో బ్యాంకు లెక్కలుంటవి, స్నేహితుల ఉత్తరాలుంటవి, ఎవరికీ చూపని వ్రాతలుంటవి. ఆయన లేనప్పుడు చాటుగా ఏర్పాటు చేసి, తరువాత ఆయనకు తెలిస్తే, సదుద్దేశం ఎంతటిదైనా మనస్సు నొచ్చుకొంటుంది. ముందుగా చెప్పి, ఏ ఫోల్డర్లు తీసుకొంటున్నదీ చూపి, వద్దన్నదానిని వదలివేయడం మర్యాద. ఒక ఫోల్డరును ఎవరూ చూడకూడదని ఆయన కోరితే, దానికి రహస్యలిపి తాళం వేసి నకలు తీయవచ్చు. అప్పుడు నకలు ఉన్నవారి దగ్గర తాళం చెవి ఉండదు.

అయితే తాళం చెవికి కూడా ఒక ఏర్పాటు కావాలి. సరిగా రహస్యలిపిలో పెట్టిన నకలు రహస్యపదం తెలియనివారికి పనికిరాదు. తాళం వేసినవారి ఇంటివారికి కూడా పనికిరాదు. బ్యాంకు ఖాతాకు నామినీని వ్రాసినట్టే, ఈ రహస్యపదాన్ని కాగితం మీద వ్రాసి, కవరులో పెట్టి అంటించి, ఇంటి దస్తావేజులున్న చోట ఉంచమని ఆయనను కోరవచ్చు. నకలు ఏ డిస్కులో ఉన్నది, ఆ డిస్కు ఎవరి దగ్గర ఉన్నది, దానిని ఎలా తెరవాలి అన్న మూడు వాక్యాలు కూడా అదే కాగితం మీద ఉండాలి. ఏర్పాటు చేసిన కుమారుడు ఉద్యోగరీత్యా దూరదేశం పోతే, మిగిలినవారికి ఆ మూడు వాక్యాలే దారి చూపుతవి.

పరీక్ష

నకలు తీయడం సగం పని. తిరిగి తీసి చూడడం మిగిలిన సగం. పచ్చని గుర్తు కనిపించినంత మాత్రాన ఫైళ్ళు క్షేమమని అనుకొనరాదు. మూడు నెలలకొకసారి ఒక రోజు నిర్ణయించుకొని, ఏదైనా ఒక ఫైలును నకలు నుండి వేరొక కంప్యూటరులోనికి తీసి, తెరిచి చూడాలి. ఒకసారి ఫొటో, ఒకసారి లెక్కల పట్టిక, ఒకసారి పాత నెల రూపం, ఇలా మార్చి మార్చి చూస్తే మరీ మంచిది. ఖాళీ స్థలం ఎంత మిగిలినదీ, చివరి నకలు ఏ తేదీదీ అప్పుడే చూడవచ్చు. మార్చి 31వ తేదీని 2011 నుండి ప్రపంచ నకళ్ళ దినంగా కొందరు పాటిస్తున్నారు. మన దేశంలో అది ఆర్థిక సంవత్సరాంతం కూడా కాబట్టి, లెక్కలు సరిచూచుకొనే రోజుననే దీనినీ సరిచూచుకొనవచ్చు.

ఈ పరీక్షకు ఫైళ్ళ యజమానిని పక్కన కూర్చోబెట్టుకొంటే మరొక మేలు కలుగుతుంది. ఏ ఫైలు విలువైనదో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. వంశచరిత్రలో నాలుగవ అధ్యాయం ఏ పేరుతో ఉన్నదీ, హారతి పాటలో వినిపిస్తున్న రెండవ గొంతు ఎవరిదీ, 1974 నాటి ఫొటోలో వెనుక వరుసలో నిలిచినవారెవరూ అన్నది ఆయన చెబితేనే తెలుస్తుంది. ఫైలును యంత్రం కాపాడగలదు, దాని అర్థాన్ని కాపాడలేదు. ఫొటో కింద పేర్లు వ్రాయించుకొనడం, ధ్వనిఫైలుకు పాడినవారి పేరు, ఊరు చేర్చడం కూడా ఆ పూటలోనే చేయవలసిన పని. దానికి కావలసినవి రెండు కుర్చీలు, ఒక గంట తీరిక. డిస్కులు అంగడిలో ఎప్పుడైనా దొరుకుతవి గాని, ఆ గంట ఎల్లకాలం దొరకదు.